లీకు లేని విమానం

మా మామగారు చలపతిరావుగారు అయిదేళ్లలో నాతో మాట్లాడినవి రెండే మాటలు. గుమ్మంలో అడుగు పెట్టగానే “రండి”. తిరిగి చెప్పులు వేసుకునేటప్పుడు “మంచిది”. ఈ రెండు మాటల మధ్య రెండు గంటలు ఉండేవి. ఆ రెండు గంటలూ ఆయన పేపరు ముందు పేజీలు చదివేవారు, ఎదురుగా కూర్చున్న నేను వెనక పేజీ చదివేవాణ్ని. వెనక పేజీలో ఆటల వార్తలు వేస్తారు కాబట్టి పెళ్లయిన అయిదేళ్లలో నాకు క్రికెట్ మీద మంచి పట్టు వచ్చింది.

మర్యాదకు మాత్రం లోటు లేదు. ఫ్యాను కింద కుర్చీ నాదే. మొదటి కాఫీ గ్లాసు నాదే. మా అత్తగారు శ్యామలాదేవిగారు వడ్డించేటప్పుడు నెయ్యి గిన్నె ముందు నా కంచం దగ్గరికే వచ్చేది. అందుకే బాధ. తిట్టే మనిషితో అయితే ఏదో ఒకనాడు రాజీ పడొచ్చు. మర్యాద చేసే మనిషిని ఏమని అడుగుతాం?

నేను నాచారంలో కార్లకు రంగులు వేస్తాను. డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు. సొట్టలు తీసేది మా కొమురెల్లన్న, ఆ పైన పుట్టీ పెట్టి, అరగదీసి, రంగు కొట్టేది నేను. గీత పడ్డ కారు మా దగ్గరికొస్తే, గీత ఎక్కడ పడిందో దాన్ని గీసినవాడు కూడా చూపించలేడు. ఈ మాట నేను అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకూ చెబుతుంటాను. సుష్మ అప్పట్లో హబ్సిగూడలో ఇన్సూరెన్సు సర్వేయరు ఆఫీసులో పని చేసేది. గుద్దుకున్న కార్లకు ఫొటోలు తీయడానికి మా షెడ్డుకు వచ్చేది. ఆమెకు కూడా అడగకుండానే చెప్పాను. ఆ పొగరు చూసి నవ్విందట. 2008లో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం.

వాళ్లది కృష్ణా జిల్లా. మాది జనగామ వైపు. మా నాయిన ఫ్యాక్టరీ పనికని నాచారం వచ్చి ఇక్కడే ఉండిపోయిండు. మామగారు పెళ్లికి అడ్డం చెప్పలేదు, సరే అనీ అనలేదు. సాక్షి సంతకం పెట్టి, బస్సెక్కి పీర్జాదిగూడ వెళ్లిపోయారు. కారణం ఊరా, కులమా, నా చేతికి అంటుకుని ఎంత తోమినా పోని రంగా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక్కోసారి మూడూ అనిపించేది, ఒక్కోసారి ఏదీ కాదనిపించేది.

ఆయన పంతొమ్మిదో ఏట వైమానిక దళంలో చేరారు. ఇంజన్ ఫిట్టరు. ఇరవై మూడేళ్లు చేసి, ఆ తర్వాత చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో మెషీన్లు చూసి, అరవై నిండాక ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారని పేరుకే అనాలి. వాళ్లింట్లో గేటు కిర్రుమనగా నేను వినలేదు. కుళాయి చుక్క కారగా చూడలేదు. స్క్రూడ్రైవర్లు గోడకు పొడుగు వరసలో వేలాడేవి. పాత స్కూటరు కింద రోజూ పొద్దున ఒక తెల్ల కాగితం పరిచి, సాయంత్రం తీసి చూసేవారు, నూనె చుక్క పడిందేమోనని. ఇవన్నీ నేను అయిదేళ్లు కళ్లారా చూశాను. చూసి కూడా ఏమీ తెలుసుకోలేదు. అదే ఈ కథ.

2013లో ఆయనకు డెబ్బై నిండుతున్నాయి. స్వెట్టరు కొందామంది సుష్మ. నాకు మాత్రం గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనలు ఎలా ఉంటాయో సుష్మకు తెలుసు కాబట్టి ముందే కుర్చీలో కూర్చుంది. ఆయన పని చేసిన విమానం, పక్కపక్కనే రెండు సీట్లుండే కిరణ్ అనే శిక్షణ విమానం, మూరెడు పొడవున అచ్చం అలాగే చేసి ఇస్తానన్నాను. దాన్ని చూస్తే ఆ మనిషి మూడో మాట మాట్లాడి తీరాలి. ఏ మాటైనా ఫరవాలేదు. “బాగుంది” అంటే చాలు. నా కోరిక అంతే, కానీ ఆ కోరిక కోసం నాలుగు నెలలు నిద్ర మానుకున్నానంటే అది ఎంత పెద్దదో అర్థం చేసుకోవచ్చు.

వాళ్ల ఆల్బమ్‌లో ఆ విమానం ఫొటో ఒక్కటే ఉంది. 1979లో తీసింది, నలుపు తెలుపు. మామగారు సన్నగా, నిటారుగా, రెక్క పక్కన నిలబడి ఉన్నారు. ఆయనకు తెలియకుండా సుష్మ దాన్ని తెచ్చింది. రంగులు తెలుసుకోవడానికి హబ్సిగూడ నెట్ సెంటరుకు వెళ్లాను. తెల్లటి ఒళ్లు, ముక్కుకూ రెక్కల చివర్లకూ నారింజ ఎరుపు. రంగుల కోసం వెళ్లినవాణ్ని రంగులు చూసుకుని రావాలి కదా. అక్కడ విదేశాల్లో విమానం బొమ్మలు చేసేవాళ్ల సైట్లు కనిపించాయి. వాళ్లు బొమ్మ చేసి వదిలిపెట్టరు. దానికి మసి పూస్తారు. నూనె మరకలు పెడతారు. కాళ్లు పెట్టి ఎక్కే చోట రంగు ఊడినట్టు చేస్తారు. దాని పేరు వెదరింగ్. కొత్తగా మెరిసేది బొమ్మ అనీ, వాడినట్టు కనిపించేదే నిజమైన విమానం అనీ వాళ్ల సిద్ధాంతం. పదిహేనేళ్లుగా కార్ల మీద మరకలు తీస్తున్న నాకు, మరకలు పెట్టడం కూడా ఒక విద్యేనని తెలిసి ఒళ్లు పులకరించింది.

ఒక పాత తలుపు నుంచి టేకు చెక్క కోసి ఒళ్లు చెక్కాను. కార్ల పుట్టీతో ఒంపులు తీర్చి, తడిపి రుద్దే గరుకు కాగితంతో వేలు జారిపోయేదాకా అరగదీశాను. మంచినీళ్ల సీసా వేడి చేసి, సాగదీసి, పైలట్ల మీది అద్దం మూత చేశాను. రేకులు అతికిన గీతలు కుట్టు సూదితో గీశాను. రివెట్లు కూడా సూదితోనే, ఒక్కొక్కటి, లెక్క తప్పినప్పుడల్లా మొదటి నుంచి. రంగు కొట్టాక అది షెడ్డులో బల్ల మీద నిగనిగలాడింది. అప్పుడు ఆపి ఉంటే నేను ఇంకో మనిషినయ్యేవాణ్ని.

ఆపలేదు. పొగ గొట్టం చుట్టూ బొగ్గు పొడి రుద్దాను. రెక్క మీద కాలు పెట్టే చోట స్పాంజితో వెండి రంగు అద్ది, పెయింటు పెచ్చులూడినట్టు చేశాను. ఉప్పల్ రింగు రోడ్డులో మెట్రో స్తంభాలు లేపుతున్న రోజులు, దుమ్ముకు కొదవ లేదు. కొంచెం తెచ్చి, గుడ్డలో జల్లించి, చక్రాల గూళ్లలో ఊదాను. కొమురెల్లన్న టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు చూశాడు.

“గిట్లాంటి బండి కస్టమర్ తెస్తే బాగు చేస్తందుకు మనం వారం రోజులు తిప్పలు వడ్తం. నువ్వేంది, బాగున్నదాన్ని గిట్ల జేస్తున్నవ్” అన్నాడు.

అది కళ అని, నీకు అర్థం కాదని చెప్పాను. అర్థం కాలేదని ఒప్పుకుని వెళ్లి బానెట్ కింద దూరాడు.

అన్నిటికన్నా నా పనితనం చూపించింది పొట్ట కింద మరకలో. ఫొటోలో విమానం పొట్ట కింద, ఇంజను ఉండే చోట, నల్లటి మరక ఒకటి ఉంది. పైన చుక్కలా మొదలై కిందికి జారి, చివర్న కొంచెం పక్కకు తిరిగింది. నూనె లీకు! నెట్‌లో విదేశీయులు ఊహించి వేసే మరకలు కావు, సాక్షాత్తూ మామగారి విమానం మీది సొంత మరక. దాన్ని భూతద్దంతో కొలిచాను. పాత కారులోంచి తీసిన ఇంజన్ ఆయిల్‌లో కిరోసిన్ కలిపి, పిల్లి మీసమంత కుంచెతో, ఆ మలుపుతో సహా దించాను. పూర్తయ్యాక వెనక్కి జరిగి చూసుకుని, చలపతిరావుగారి కళ్లలో నీళ్లు తిరగడం ఖాయమనుకున్నాను.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. విమానాన్ని అట్టపెట్టెలో పెట్టి, సుష్మ ఒళ్లో పెట్టుకుని, బండి మీద పీర్జాదిగూడ వెళ్లాం. “రండి” అన్నారు మామగారు. పెట్టె విప్పి ఆయన ముందున్న స్టూలు మీద పెట్టాను. ఆయన పేపరు మడిచారు. అయిదేళ్లలో నేనుండగా ఆయన పేపరు మడవడం అదే మొదలు.

కళ్లజోడు మార్చుకున్నారు. రెండు చేతులతో, రెక్కల కింద పట్టి ఎత్తారు. అది బరువెంతో ముందే తెలిసినట్టు. ముక్కు చూశారు. అద్దం మూత చూశారు. వేలితో రివెట్ల వరసను తడుముకుంటూ వెళ్లారు. ఆయన పెదవి కొంచెం కదిలింది. బాగుంది అనబోతున్నారు, నాకు తెలుస్తోంది, సుష్మకూ తెలుస్తోంది. అప్పుడు దాన్ని తిరగేశారు.

పొట్ట చూశారు. మొహంలో రంగు మారింది. విమానాన్ని స్టూలు మీద మెల్లగా పెట్టి, నా వైపు కాదు, సుష్మ వైపు చూసి మాట్లాడారు.

“పైన ఇద్దరు మనుషులు కూర్చుంటారమ్మా. ఒకడికి పట్టుమని ఇరవయ్యేళ్లుండవు. పొద్దున్నే పుస్తకంలో నేను సంతకం పెడితే, ఆ సంతకం నమ్ముకుని ఎక్కుతారు. ఇలా కారుతున్న విమానాన్ని నేను పైకి పంపానని మీ ఆయన అనుకుంటున్నారా?”

గొంతు పెంచలేదు. నాకు తల తీసేసినట్టయింది. అప్పుడు ఏ మాత్రం తెలివున్నవాడైనా తప్పయిందని కాళ్లు పట్టుకుంటాడు. నేను జేబులోంచి ఫొటో తీశాను. ఆయన ఎదుట అయిదేళ్లుగా పుస్తకాల తెలుగు మాట్లాడుతూ వచ్చినవాణ్ని, కంగారులో నా భాష నాకు వచ్చేసింది.

“ఫొటోల ఉన్నదే ఏసిన మామయ్యగారు. సూడుండ్రి, ఈడ కారింది” అన్నాను.

అంటే ఏం చేశానో ఒకసారి చూడండి. ఇరవై మూడేళ్లు చుక్క కారనివ్వని మనిషికి, ఆయన పుట్టినరోజు నాడు, ఆయన ఇంట్లో, ఆయన విమానం కారిందని సాక్ష్యంతో సహా నిరూపించాను. సుష్మ చేత్తో మొహం కప్పుకుంది.

మామగారు ఫొటో అందుకుని వెలుతురుకు పట్టి చూశారు. చాలాసేపు చూశారు. డెబ్బై ఏళ్ల మనిషి తన మీద తనకే అనుమానం వచ్చినట్టు కుర్చీలోకి కుంగిపోయారు. ఆ నిమిషం నేను చచ్చిపోయినా బాగుండేది. వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన భుజం మీంచి తొంగి చూశారు.

“అది నూనె కాదు, కాటుక” అన్నారు.

అందరం ఆవిడ వైపు తిరిగాం. ఆవిడ సిగ్గుపడుతూ చెప్పారు. ఆ ఫొటో పోస్టులో వచ్చిన రోజు, మనిషీ విమానమూ ఇద్దరూ మరీ కళగా ఉన్నారని ఆవిడకు భయమేసిందట. దిష్టి చుక్క పెడదామనుకున్నారు. మనిషి బుగ్గ మీద పెడితే ఈయన చూసి తుడిచేస్తారు. అదీకాక ఈయన నేల మీదే ఉంటారు, పైకి వెళ్లేది విమానం. అందుకని దాని పొట్ట కింద, ఎవరికీ కనపడని చోట, వేలితో చుక్క పెట్టారు. ఆల్బమ్‌లో ఎండాకాలాల వేడికి అది కరిగి కిందికి జారింది. ముప్పై నాలుగేళ్లుగా మామగారు దాన్ని ఫొటో కడిగినవాడి తప్పు అనుకున్నారు. ఇవాళ నేను వచ్చి నూనె అన్నాను.

మా అత్తగారి కాటుకను నేను ఇంజన్ ఆయిల్‌తో అచ్చు దించానన్నమాట, చివరి మలుపుతో సహా.

ముందు నవ్వింది సుష్మ. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండిటికీ మధ్య ఏదో మొహం పెట్టాను. మామగారు నవ్వలేదు. మళ్లీ విమానాన్ని తిరగేసి, మరకను వేలికొనతో తాకి, వాసన చూశారు. అయిదేళ్లలో మొదటిసారి నా కళ్లలోకి చూశారు.

“దేంతో వేశారు?”

మూడో మాట! ఇంజన్ ఆయిల్, కిరోసిన్ అని చెప్పాను. ఎంతకు ఎంత అన్నారు. చెప్పాను. రంగు పట్టేసిందా, పైనే ఉందా అన్నారు. పైనే ఉందన్నాను. లేచి వెళ్లి దూది, పళ్లు కుట్టుకునే పుల్లలు, స్పిరిట్ సీసా, ఉతికిన బనీను గుడ్డ తెచ్చి స్టూలు మీద వరసగా పేర్చి, కుర్చీ నా పక్కకు లాక్కున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరం తుడిచాం. నాలుగు నెలల కళను నా చేతులతోనే తుడిపించారు. చక్రాల గూట్లో దుమ్ము చూసి, ఈ విమానం దిగింది రన్‌వే మీదా, రింగు రోడ్డు మీదా అని అడిగారు. రెక్క మీద ఊడిన పెయింటు చూసి, కాలు ఎక్కడ పెట్టాలో గుర్తు వేసి ఉంటుందనీ, అక్కడ కాక ఇంకోచోట పెట్టిన పిల్లవాణ్ని చలపతిరావు ఊరుకునేవాడు కాదనీ చెప్పారు. భోజనాల వేళకు మీరు అన్న పిలుపు నువ్వు అయింది. అంతేకాదు, నెయ్యి గిన్నె ముందు ఆయన కంచం దగ్గరికి వెళ్లింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అది ఒక్క రోజుతో అయ్యేది కాదని ఆయనే తేల్చారు. ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. ఒక వారం కుడి రెక్క, ఒక వారం తోక. చేతులు పని చేస్తుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది కదా. చలికాలం తెల్లవారుజామున ఇనుము ముట్టుకుంటే వేళ్లు అతుక్కుపోయేవని చెప్పారు. పెట్టెలో ఒక స్పానరు తగ్గిందని, అది ఇంజన్‌లో పడలేదని తేలేదాకా మొత్తం వరస విమానాలను ఆపించి, ఎండలో నాలుగు గంటలు వెతికి, చివరికి అది తన జేబులోనే దొరికిన సంగతి చెప్పారు. అది చెప్పి తనే పడి పడి నవ్వారు. ఆయన నవ్వితే భుజాలు ఎగురుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. పెళ్లినాడు ఎందుకు మాట్లాడకుండా వెళ్లిపోయారో కూడా ఒక ఆదివారం, తోక రుద్దుతూ, అడక్కుండానే చెప్పారు. పిల్ల తనకు ముందు చెప్పలేదన్నది ఆయన బాధ. అల్లుడు ఎవరన్నది కాదు. తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదట. రోజులు గడిచేకొద్దీ ఇంకా తెలియలేదట. ఊరూ, కులమూ, చేతి రంగూ అని అయిదేళ్లు నేను కట్టుకున్న మేడ అలా కూలింది. కొంచెం నిరుత్సాహపడ్డానని కూడా ఒప్పుకోవాలి.

తొమ్మిదో ఆదివారం పని అయిపోయింది. ఆయన టార్చి వేసి, ముక్కు నుంచి తోక దాకా, పైనా కిందా చూశారు. మరక లేదు, మసి లేదు, చుక్క లేదు. షెడ్డులో రంగు కొట్టిన మొదటి రోజు ఎలా ఉందో అలా నిగనిగలాడుతోంది.

“అయిపోయింది” అన్నారు.

అద్దాల బీరువాలో పెట్టి తలుపు వేశారు. తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. ఆయన చెయ్యి పేపరు మీదికి వెళ్లింది. నేను చెప్పులు వేసుకున్నాను. “మంచిది” అన్నారు. దారి పొడుగునా, ఆ మెట్రో స్తంభాల మధ్య దుమ్ములో బండి నడుపుతూ, అంత శుభ్రంగా ఎందుకు తుడిచానా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఒక చక్రాల గూడైనా మిగల్చకపోయానే. నాచారం చేరేసరికి ఏడుపొచ్చినంత పనయింది. సుష్మ అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఆ పై ఆదివారం సుష్మకు ఒంట్లో బాగాలేదు. నాకు వెళ్లడానికి వంక లేదు. అయినా అలవాటు కొద్దీ బండి తీశాను. ఫ్యాను కింద కూర్చుని క్రికెట్ వార్తలు చదివి వద్దామనుకున్నాను. వెళ్లేసరికి మామగారు వరండాలోనే ఉన్నారు. పేపరు చేతిలో లేదు, స్టూలు మీద పరిచి ఉంది. దాని మీద విమానం వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన దూది, పుల్లలు, స్పిరిట్, గుడ్డ, వరసగా. రెండు కుర్చీలు.

పొట్ట కింద, ఇంజను ఉండే చోట, నూనె చుక్క ఒకటి తళతళా మెరుస్తోంది.

వంగి చూశాను. నేను వేసిన నల్లటి నూనె కాదు. పల్చగా, తేటగా ఉంది. లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది, కుట్టుమిషను నూనె డబ్బా ఎక్కడ పెట్టారండీ అని. మామగారు వినిపించనట్టు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఇరవై మూడేళ్లలో ఒక్క చుక్క కారనివ్వని మనిషి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“లీకవుతోంది. ఎక్కణ్ణించో తెలియడం లేదు” అన్నారు, విమానం వైపే చూస్తూ.

ఆ విమానానికి లోపల ఇంజను లేదు, గొట్టం లేదు, ఉన్నదంతా టేకు చెక్క. ఆ సంగతి చెక్కిన నాకు తెలుసు, తొమ్మిది వారాలు చేతుల్లో పట్టుకున్న ఆయనకూ తెలుసు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, దూది తీసుకున్నాను.

“ఇది ఇవ్వాళ దొరికేటట్టు లేదు మామయ్యగారు. మస్తు లోపల ఉన్నట్టుంది” అన్నాను.

“నాకూ అలాగే అనిపిస్తోంది” అన్నారాయన.